కాగితం మీద ఒక మతం, ఇంట్లో ఒక దేవుడు: బడిలో మన పిల్లలు ఎవరికి మొక్కాలి?

(చిరాగ్‌పల్లి దళితవాడలో తల్లిదండ్రుల కూటంలో మేము మాట్లాడిన మాటల పాఠం. మాట్లాడేటప్పుడు వచ్చిన యాసను అక్కడక్కడ అట్లాగే ఉంచాము.)



పొద్దంతా చెరుకు తోటల్లో నడుం వంచి, ఇంటికి పోయి పొయ్యి ముట్టించాల్సిన వేళకు ఇక్కడికొచ్చి కూర్చున్నారు. అందుకని ఉపోద్ఘాతం లేకుండా సంగతికే వస్తాము.

కిందటి కూటంలో ఒక అక్క లేచి ఒక మాట అడిగింది. "మా బిడ్డ పొద్దున బడిల సరస్వతి శ్లోకం సదువుతది. ఐతారం చర్చిల ఏసు పాట పాడుతది. మొన్న ప్రార్థనల చేతులు జోడించలేదని సారు ఎండల నిలవెట్టిండు. నేను పోయి అడగాల్నా, ఊకోవాల్నా?" అది ఏ ఊరి బడి, ఎవరా సారు అన్నది మేము ఇక్కడ చెప్పము. ఆ రోజు 'అడుగు' అన్నవాళ్లు ముగ్గురు. 'ఊకో' అన్నవాళ్లు మిగతా అందరు.

ఊకో అన్నవాళ్లు పిరికివాళ్లు కారు. దొర చేన్లో కూలి రేటు మీద కొట్లాడినవాళ్లు వాళ్లలో ఉన్నారు. ఎందుకు ఊకోవాలి అంటే ఒక ముసలాయన ఒక్క ముక్కలో చెప్పిండు. "అడిగితె నీ మతమేంది అంటరు. చెప్తె సర్టిఫికెట్ పోతది."

ఇంటికి పోయినంక కూడా మా చెవుల్లో ఆ మాటే మోగింది. ఈ రోజు దాని గురించే మాట్లాడుకుందాం.

ఆ సర్టిఫికెట్ సంగతి ముందు అర్థం చేసుకోవాలి. 1950 ఆగస్టు 10న రాష్ట్రపతి పేరు మీద షెడ్యూల్డు కులాల ఉత్తర్వు వచ్చింది. దాని మూడో పేరా చిన్నది. హిందూ మతం కాక ఇంకో మతం పాటించేవాడు షెడ్యూల్డు కులంవాడు కాడు అని దాని సారం. 1956లో సిక్కులను కలిపారు. 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవ దళితుడు, ముస్లిం దళితుడు నేటికీ బయటనే. మన దగ్గర క్రీస్తును నమ్ముకున్న మాల మాదిగలకు బీసీ-సీ అని ఒక మూల చూపించి, అందులో ఒక్క శాతం పెట్టారు. 2022 అక్టోబరులో కేంద్రం మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన ఈ విషయం మీద కమిషన్ వేసింది. 2024 నవంబరులో పుదుచ్చేరి నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు, చర్చికి పోతూ ఉద్యోగం కోసం హిందువునంటే అది రాజ్యాంగాన్ని మోసం చేసినట్టేనని తీర్పు చెప్పింది.

అంటే ఏమైంది? గురుకులంలో సీటు, హాస్టలు, ఫీజు రీయింబర్స్‌మెంటు, రేపటి ఉద్యోగం, ఎవడన్నా కులం పేరుతో తిడితే పెట్టే అట్రాసిటీ కేసు, ఇవన్నీ ఒక్క కాగితానికి కట్టేసి ఉన్నాయి. ఆ కాగితాన్ని దేవునికి కట్టేశారు. చర్చికి పోయినంత మాత్రాన ఊరు మనల్ని ఇంకో కులం అన్నదా? బావి దగ్గర, హోటల్లో, పెండ్లి పందిట్లో మాదిగోడు మాదిగోడే. ఊరికి కనిపించే కులం సర్కారుకు మాత్రం కనిపించదు. ఇది మన తాతలు చేసిన తప్పు కాదు. వాళ్లు కరువులో బియ్యం కోసం మొక్కారని ఎగతాళి చేసేవాళ్లున్నారు. 1924లో మెదక్ చర్చి లేచింది. ఆ కరువు రోజుల్లో కూలి చేసి దాన్ని లేపిన చేతులు ఎవరివో మన ముసలోళ్లకు తెలుసు. కూలి చేసి తిన్నారు, బిచ్చమెత్తలేదు. అట్లా పోయినవాళ్ల మనవరాలే ఈ రోజు బడిలో శ్లోకం చదువుతున్నది, రిజిస్టర్లో హిందువుగా ఉన్నది, చేతులు జోడించలేదని ఎండలో నిలబడ్డది. ఆమె తల్లి అడగలేదు. అడగడానికి ధర ఉన్నది. ఆ ధర ఇంకెవరికీ లేదు, మనకే ఉన్నది.

ఇతరులకు లేదని ఎట్లా అంటారు అని ఎవరన్నా అడగవచ్చు. చూద్దాం.

2024 ఏప్రిల్‌లో మంచిర్యాల జిల్లా లక్షెట్టిపేట దిక్కు కేరళ క్రైస్తవులు నడిపే ఒక బడిలో ఏం జరిగిందో పేపర్లలో చదివే ఉంటారు. కొందరు పిల్లలు హనుమాన్ దీక్ష బట్టలతో బడికి వచ్చారు. తల్లిదండ్రులను పిలుచుకు రమ్మని ప్రిన్సిపాల్ అన్నాడు. దీక్షను అడ్డుకున్నారని ప్రచారం లేచింది. గుంపు వచ్చి అద్దాలు పగలగొట్టింది. మదర్ తెరీసా విగ్రహం మీద రాళ్లు వేసింది. ఫాదర్ నొసట బలవంతంగా బొట్టు పెట్టింది. కేసు మాత్రం బడి యాజమాన్యం మీద కూడా అయింది, మత విద్వేషం సెక్షన్ల కింద. ఆ పిల్లల తల్లిదండ్రులకు అడిగే హక్కు ఉన్నదా? ఉన్నది. మేము ఆ మాట గట్టిగానే అంటాము. కొడుకు దీక్షలో ఉంటే నలభై రోజులు ఆ బట్ట వేసుకోనియ్యండి అని తండ్రి పోయి అడగవచ్చు, ప్రిన్సిపాల్ కూర్చోబెట్టి వినాలి. కానీ ఆ తండ్రి పోయి అడగాల్సిన అక్కర కూడా రాలేదు. ఆయన కోసం ఊరు ఊరంతా అడిగింది, రాయి పట్టుకొని అడిగింది. మన అక్క ఒక్కతే పోయి కుర్చీ ముందు నిలబడి, సారూ అని అడగాలంటే ముప్పై ఇండ్లు వద్దంటున్నాయి.

వాళ్లకు నొప్పి అయితే అది మనోభావం. మనకు నొప్పి అయితే అది బలుపు.

ఇది నిన్న మొన్నటిది కాదు. 1856 జూన్‌లో ధార్వాడలో, అంటే మన సరిహద్దు దాటి కర్ణాటకలోకి పోతే వచ్చే ధార్వాడలో, ఒక మహర్ పిల్లవాడు సర్కారు బడిలో చేర్చుకోమని అర్జీ పెట్టుకున్నాడు. బొంబాయి సర్కారు ఏమన్నదో తెలుసా? నీవు అడిగింది న్యాయమే, కాదనము, కానీ నీ ఒక్కని కోసం నిన్ను పై కులాల పిల్లల నడుమ కూర్చోబెడితే మిగతావాళ్లంతా బడి మానేస్తారు, బడి ఎందుకూ పనికి రాకుండా పోతుంది అన్నది. ఆ పేరు తెలియని పిల్లవాడు ఈ దేశంలో బడి కోసం సర్కారుకు కాగితం రాసిన మొదటి అంటరాని పిల్లల్లో ఒకడు. అతని కాగితాన్ని తల్లిదండ్రుల మతాభ్యంతరం మింగేసింది. అయితే ఎవరి తల్లిదండ్రులది? వాళ్లు వచ్చి అర్జీ పెట్టే పని కూడా పడలేదు. వాళ్లు ఏమనుకుంటారో అని సర్కారే వాళ్ల తరఫున ముందే నొచ్చుకున్నది. 1858లో లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లు సర్కారు బడి అన్ని తరగతులకూ తెరిచి ఉండాలని రాశారు. రాతకూ తలుపుకూ నడుమ ఎంత దూరమో మీకు తెలియనిది కాదు.

అంబేద్కర్ సంగతి మీరు జయంతి రోజు ప్రతి ఏడూ వింటారు. సతారా బడిలో గోనె పట్టా మీద వేరుగా కూర్చున్నాడు. ప్యూను పోస్తేనే నీళ్లు, ప్యూను రాకపోతే దప్పిక. ఇది అందరికీ తెలిసింది. తక్కువ చెప్పుకునేది ఇంకొకటి ఉన్నది. హైస్కూల్లో సంస్కృతం చదువుతానంటే ఆయనకు చెప్పలేదు. పార్సీ భాష తీసుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు అదే సంస్కృత శ్లోకం మన బిడ్డ చదవకపోతే ఎండలో నిలబెడుతున్నారు. అప్పుడు నోట పలికితే పాపం, ఇప్పుడు పలకకపోతే నేరం. రెండు సార్లూ తీర్పు చెప్పేది వాళ్లే.

ఇక్కడ మన లోపలి మాట ఒకటి చెప్పాలి. ఆ కూటంలోనే ఒక తాత లేచి, "నా మనుమరాలు శ్లోకం ఒక్క అక్షరం తప్పు పోకుండ సదివితె నాకు ఛాతి ఉబ్బింది. మా అయ్య ఆ మాట వింటెనే చెవుల సీసం పోస్తమన్నోళ్లు, గిప్పుడు ఆమెతోని సదివిస్తున్నరు" అన్నాడు. మేము ఆయనకు ఎదురు చెప్పలేదు. ఆ గర్వం అబద్ధం కాదు. చదవాలనుకున్న పిల్ల చదవనీ. మేమడిగేది చదవననే పిల్లకు ఏమి చేస్తున్నారు అని మాత్రమే. ఇంకో అక్క, "మా ఇంట్ల ఏసూ లేడు, రాముడూ లేడు, ఎల్లమ్మ ఉన్నది, పోచమ్మ ఉన్నది. బడి గోడ మీద ఎల్లమ్మ ఫోటో ఎన్నడన్న చూసిన్రా?" అన్నది. అందరూ నవ్వారు. నవ్వే మాట కాదది. హిందువులని రాసుకున్న మన ఇండ్ల దేవతకు కూడా బడిలో చోటు లేదు. బోనం ఎత్తే దేవత వాడకట్టులోనే ఉండాలి, వీణ పట్టుకున్న దేవత బడిలోకి వస్తుంది. చేతులు జోడించమనేది అందరి దేవునికి కాదని మేము అనేది అందుకే.

సరే, మరి చట్టం ఏమంటది?

రాజ్యాంగం 28వ అధికరణం ఈ సంగతే చెబుతుంది. పూర్తిగా సర్కారు సొమ్ముతో నడిచే బడిలో మతబోధ చెయ్యనే కూడదు. ఇది మొదటి మాట. ఎవరి అనుమతీ అడగాల్సిన పని లేదు, అసలే కూడదు. ఇంకో మాట ఉన్నది, మూడో క్లాజులో. సర్కారు గుర్తించిన ఏ బడిలోనైనా, ఎయిడ్ తీసుకునే ఏ బడిలోనైనా, మతబోధకు గానీ పూజకు గానీ ఎవరినీ రమ్మని నిర్బంధించకూడదు. పిల్లలైతే తల్లి గానీ తండ్రి గానీ ఒప్పుకుంటేనే. గమనించండి, బోధ అని ఒక్క మాటే రాయలేదు, పూజ అని కూడా రాశారు. సర్కారు బడే కాదు, గుర్తింపు ఉన్న ప్రైవేటు బడి కూడా ఇందులోకి వస్తుంది. మిషన్ బడి కూడా వస్తుంది.

1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో దీని మీద వాదం జరిగినప్పుడు అంబేద్కర్ లేచి జవాబు చెప్పాడు. అందరి పన్నుతో నడిచే చోట ఒక మతం బోధించడం ఎట్లా కుదురుతుంది, ఇన్ని మతాలున్న దేశంలో ఎవరిది బోధిస్తారు, ఒక్కో మతం తనదే నిజమంటుంటే ఆ తగాదాను బడిలోకి ఎందుకు తెస్తారు అని ఆయన వాదం. ఆ మనిషి గోనె పట్టా మీద కూర్చొని చదువుకున్నవాడు అని గుర్తు పెట్టుకొని ఆ జవాబు వినాలి.

అవతలివాళ్లకు ఒక వాదం ఉన్నది, అది దాచము. శ్లోకం మతబోధ కాదు, సంస్కృతి అంటారు. సరస్వతి అంటే చదువు, దేవత కాదు అంటారు. కేంద్రీయ విద్యాలయాల్లో సంస్కృత ప్రార్థన మీద ఒకరు సుప్రీంకోర్టుకు పోతే 2019 జనవరిలో ఇద్దరు జడ్జీలు, ఇది పెద్ద ధర్మాసనం తేల్చాల్సిన ప్రశ్న అని పైకి పంపారు. కాబట్టి కోర్టు మన పక్షాన చెప్పేసిందని మిమ్మల్ని మోసపుచ్చము. కానీ నిర్బంధం సంగతి వేరు. అందులో కోర్టులు చెప్పినవి ఉన్నాయి.

కేరళలో కొట్టాయం జిల్లాలో యెహోవా సాక్షుల కుటుంబం పిల్లలు ముగ్గురు, పదో క్లాసు, తొమ్మిదో క్లాసు, అయిదో క్లాసు. జాతీయగీతం పాడేటప్పుడు మర్యాదగా లేచి నిలబడేవాళ్లు, పాడేవాళ్లు కాదు. మా నమ్మకం ఒప్పదు అన్నారు. 1985 జూలైలో బడి నుంచి వెళ్లగొట్టారు. తండ్రి పోయి అడిగాడు, హైకోర్టులో ఓడాడు, సుప్రీంకోర్టుకు పోయాడు. 1986 ఆగస్టులో తీర్పు వచ్చింది, పిల్లలను మళ్లీ చేర్చుకోమని. ఆ తీర్పు రాసింది మన తెలుగువాడే, అనంతపురం జిల్లా మనిషి, జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. ఆ నమ్మకం మనకు తలకెక్కుతుందా లేదా అన్నది కాదు ప్రశ్న, వాళ్లు మనస్ఫూర్తిగా నమ్ముతున్నారా అన్నదే అన్నాడు. జాతీయగీతం విషయంలోనే నోరు తెరవమని బలవంతపెట్టకూడదంటే శ్లోకం ఎంత?

ఇంకొకటి మనకు దగ్గరిది. నాసిక్‌లో సంజయ్ సాల్వే అని ఒక టీచరు. అంబేద్కర్ బాటలో బౌద్ధుడు. బడి ప్రార్థనలో అందరితో పాటు నిలబడ్డాడు గానీ చేతులు జోడించలేదు. పై జీతం ఆపేశారు. ఏండ్ల తరబడి తిరిగి బొంబాయి హైకోర్టు దాకా పోయాడు. 2013లో కోర్టు, ప్రార్థనలో చేతులు జోడించమని టీచరును బలవంతపెట్టలేరు అన్నది, జీతం ఇప్పించింది. అది సావిత్రిబాయి ఫూలే పేరు పెట్టుకున్న బడి కావడం ఇంకా విడ్డూరం. పేరు సావిత్రిబాయిది, జోడించాల్సిన చేతులు ఇంకెవరికో!

సాల్వే కేసు చదివినప్పుడు మాకు ఒక సంగతి తట్టింది. ఆయన గెలిచింది బౌద్ధుడు కాబట్టి బౌద్ధుడినని చెప్పుకోగలిగాడు. 1990 తర్వాత ఆ మాట చెప్తే ఆయన సర్టిఫికెట్ పోదు. మన అక్కకు ఆ వీలు లేదు. అందుకని ఆమె ఏమి చెప్పి అడగాలి?

ఇక్కడికే మేము రావాలనుకున్నాము. 28వ అధికరణాన్ని ఇంకోసారి చదవండి. అందులో ఎక్కడా నీ మతమేంది అని లేదు. క్రైస్తవుడు అడగవచ్చు, హిందువు అడగవచ్చు, దేవుడే లేడనేవాడు అడగవచ్చు, ఎల్లమ్మ భక్తురాలు అడగవచ్చు. తల్లి ఒప్పుకున్నదా లేదా అన్నదొక్కటే ప్రశ్న. ఒప్పుకోను అంటే అయిపోయింది. ఎందుకు ఒప్పుకోవు అని అడిగే అధికారం హెడ్‌మాస్టరుకు లేదు. అడిగితే జవాబు చెప్పే బాధ్యత మనకు లేదు. కాబట్టి మన అర్జీలో మన మతం రాయాల్సిన పనే లేదు. ఏసు పేరు వద్దు, బుద్ధుని పేరు వద్దు. మూడో పేరా మన నోటికి వేసిన తాళం ఒకటి. 28 ఆ తాళం జోలికి పోకుండానే మాట్లాడే దారి. మూడో పేరాను తీసెయ్యాలనే కొట్లాట మానేద్దామని కాదు, అది వేరే, అది పెద్దది. రేపు పొద్దున ప్రార్థన గంట కొట్టేలోపల ఆ కొట్లాట తెగదు.

మతం చెప్పకుండా అడగడమంటే దాక్కోవడం కాదా అని మాలోనే ఒక తమ్ముడు వాదించాడు. రాత్రి చానా సేపు తగువు పడ్డాము. ధైర్యంగా చెప్పుకొని కాగితం పోగొట్టుకోమని ఇంకొకరి బిడ్డకు చెప్పే హక్కు మాకు లేదు అన్నదగ్గర ఆగాము.

ఇప్పుడు మనకు కొంచెం చేదుగా ఉండే మాట. ఇదే 28 మన మీద కూడా ఉన్నది. మిషన్ బడిలో హిందువుల పిల్లను, ముస్లిముల పిల్లను బైబిలు క్లాసుకు రావాల్సిందే అంటే అదీ తప్పే. ఫాదర్ మనవాడని మనం ఊకోవద్దు. 2021 మార్చిలో పెద్దపల్లి జిల్లా ధూళికట్టలో బౌద్ధ స్థలం దగ్గర అంబేద్కర్ ఇరవై రెండు ప్రతిజ్ఞల్లోని మాటలు చదివారని ఎంత గగ్గోలు పుట్టిందో మీకు గుర్తుంటది. అక్కడున్నందుకు గురుకులాల కార్యదర్శిగా ఉన్న ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. అది బడి కాదు, పాఠం కాదు. అయినా బొట్టు పెట్టుకొని బడి నడిపే అధికారిని ఎవడూ అడగడు, ఒక దళిత అధికారిని మాత్రం నిలదీశారు. ఇందులో అన్యాయం ఉన్నది. కానీ మేము ఇంకొకటి కూడా అంటాము. ఆ ప్రతిజ్ఞలు 1956 అక్టోబరులో నాగపూర్‌లో పెద్దవాళ్లు తెలిసి, ఇష్టపడి చేసినవి. వాటిని ఆరో క్లాసు పిల్లలతో అసెంబ్లీలో వల్లె వేయిస్తే మనం కూడా సారు పని చేసినట్టే. బాబాసాహెబ్ మాట కంఠస్థం పెట్టించడానికి కాదు.

మన పక్క వాడకట్టు ముస్లిం చెల్లెండ్ల సంగతి కూడా ఇందులోనిదే. 2022లో కర్ణాటకలో తలమీద గుడ్డ ఉన్నదని కాలేజీ గేటు మూశారు. మార్చిలో అక్కడి హైకోర్టు అది సరే అన్నది. అక్టోబరులో సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు రెండు దారులు పోయారు. అది మన సంగతి కాదనుకుంటే మన సంగతికి వాళ్లెందుకు సంతకం చేస్తారు?

ప్రార్థన ఒక్కటే కాదు, బువ్వ కూడా బడిలోకి మతాన్ని తెస్తుంది. దళిత అక్క వండిన అన్నం మా పిల్లలు తినరు అని ఎన్ని ఊర్లల్లో తల్లిదండ్రులు గిన్నెలు తిప్పి పంపలేదు! అదీ మతమేనంటారు, మడి అంటారు. 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మధ్యాహ్న భోజనం వండేవాళ్లలో దళితులకు, ఎస్సీ ఎస్టీలకు ముందు చోటు ఇవ్వాలన్నది. ఇవతల చిరాగ్‌పల్లి, అవతల నాలుగు అడుగులు వేస్తే బీదర్ జిల్లా. 2021 చివర ఆ బీదర్‌తో కలిపి కళ్యాణ కర్ణాటక దిక్కు జిల్లాల్లో బడి పిల్లలకు గుడ్డు పెడతామంటే మఠాల స్వాములు లేచారు. గుడ్డు పెడితే మా పిల్లల మతం చెడుతుందన్నారు. గుడ్డు వద్దన్న పిల్లకు అరటిపండు పెడుతున్నారు కదా, ఇంకేం నొప్పి? అప్పుడు కొప్పళ జిల్లా గంగావతి నుంచి ఒక బడిపిల్ల కెమెరా ముందు నిలబడి, మాకు గుడ్డు కావాలి, ఇవ్వకపోతే మీ మఠానికే వచ్చి తింటాము అన్నది. ఆ వీడియో మన సరిహద్దు ఊర్ల ఫోన్లల్లో కూడా తిరిగింది. పెద్దలు సర్టిఫికెట్ చూసుకుంటుంటే పిల్ల మాట్లాడింది. మాకు సిగ్గేసింది, సంతోషమూ అయింది.

మరి పొద్దున బడిలో ఏమి చదవాలి, ఏమీ వద్దా అని ఒక సారు మమ్మల్ని అడిగాడు. మంచి ప్రశ్న. రోజూ పిల్లలు చదివే ప్రతిజ్ఞ ఉన్నది. అది రాసింది నల్లగొండ జిల్లా అన్నెపర్తి మనిషి పైడిమర్రి వెంకట సుబ్బారావు, 1962లో, విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉన్నప్పుడు. దేశమంతా పాఠ్యపుస్తకాల మొదటి పేజీలో అది ఉన్నది. అందులో దేవుని పేరు లేదు. ఏ తల్లికీ అభ్యంతరం రాలేదు. 2025 నుంచి జనవరి 3న, సావిత్రిబాయి పుట్టినరోజున, మహిళా ఉపాధ్యాయ దినోత్సవం జరపాలని తెలంగాణ సర్కారే చెప్పింది. 1848లో పుణెలో ఆడపిల్లలకు బడి పెట్టి, పోతూ వస్తూ పేడ దెబ్బలు తిన్న మనిషి. ఆమెను బురదతో కొట్టినవాళ్లూ ధర్మం పేరే చెప్పారు. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1910లో ఇసామియా బజారులో మన పిల్లలకు బడి తెరిచాడు. ఈ ఇద్దరి ఫోటోలు గోడ మీద పెట్టండి, పిల్లలకు వాళ్ల కథ చెప్పండి. కథ చెప్పండి అన్నాము, వాళ్లకు కొబ్బరికాయ కొట్టమనలేదు.

ఇవతలి పక్షం వాళ్లకు ఒక మాట గుర్తు చేయాలి. 1938లో ఈ జహీరాబాదు బీదర్ జిల్లాలో, నిజాం రాజ్యంలో ఉండేది. అప్పుడు ఉస్మానియా హాస్టళ్లల్లో వందేమాతరం పాడొద్దంటే విద్యార్థులు తిరగబడ్డారు, బయటికి గెంటేస్తే నాగపూర్ పోయి చదువుకున్నారు. పి.వి. నరసింహారావు వాళ్లలో ఒకడు. పాడే హక్కు కోసం చదువు పణంగా పెట్టినవాళ్ల వారసులకు పాడని హక్కు అర్థం కాకపోవడమేంది?

ఇక పని సంగతి. ఒంటరిగా పోవద్దు. ఇద్దరు తల్లులు, ఇద్దరు తండ్రులు కలిసి పోండి, బీసీ ఇండ్లవాళ్లను, ముస్లిం ఇండ్లవాళ్లను కలుపుకోండి. విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం బడి కమిటీలో మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. 2024లో వచ్చిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీకి మహిళా సంఘం అక్కనే అధ్యక్షురాలు. ఆమె మనవాడకట్టు మనిషైతే ఇంకా మంచిది, కాకపోయినా ఆమె ముందరనే మాట్లాడండి. సారు పిల్ల మీద కక్ష కట్టడా అని అడుగుతారు. కట్టవచ్చు. కట్టడని మేము ఎట్లా చెప్పగలం? అదే చట్టం 17వ సెక్షన్ పిల్లను కొట్టడమే కాదు, మనసు నొప్పించి వేధించడం కూడా కూడదంటుంది. ఆ సంగతి మనకు తెలుసని సారుకు తెలియాలి. ఇంకోటి, ఆ సారు కూడా మన పక్క వాడవాడే కావచ్చు. పైనుంచి చెప్పారని చేయిస్తుంటాడు. ఆయనకు కూడా మన కాగితం ఒక ఆసరా అయితది. తల్లిదండ్రులు రాసిచ్చారండీ అని ఆయన పైకి చెప్పుకుంటాడు.

అర్జీ మేము రాసి తెచ్చాము. చదువుతాము, వినండి. "గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులకు. మా పిల్లలు బడి ప్రార్థనా సమయంలో క్రమశిక్షణతో అందరితో పాటు నిలబడతారు. రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం ఏ మతానికి చెందిన ప్రార్థనలో గానీ, పూజలో గానీ పాల్గొనేందుకు వారి తరఫున మేము సమ్మతి ఇవ్వడం లేదు. పాల్గొనని కారణంగా వారిని శిక్షించరాదని, వేరుగా నిలబెట్టరాదని కోరుతున్నాము. ఇష్టపడి పాల్గొనే పిల్లల పట్ల మాకు అభ్యంతరం లేదు." అంతే. ఎక్కువ లేదు. రెండు కాపీలు, ఒకదాని మీద బడి ముద్ర వేయించుకొని మన దగ్గర పెట్టుకుందాం.

మా ఇండ్లల్లో ఏ దేవుడున్నాడో మేము ఈ మైకులో చెప్పలేదు. మీ ఇండ్లల్లో ఎవరున్నారో మేము అడగలేదు, అడగబోము.

కిందటిసారి అడిగిన అక్క ఆ చివర కూర్చున్నది. ఆమెను ముందు సంతకం పెట్టమనము. మా పిల్లలు కూడా బడికి పోయేటోళ్లే కాబట్టి మొదటి నాలుగు గీతల మీద మా పేర్లే రాసుకొచ్చాము. కాగితం వేప చెట్టు కింద బల్ల మీద ఉన్నది. పెన్ను ఉన్నది, వేలిముద్ర వేసేటోళ్లకు ప్యాడు కూడా తెచ్చాము. బుధవారం దాకా ఇక్కడనే ఉంటది.